ఐదో అంతస్తుకు వరద రాదు

ఫ్లోరిడాలో ఉంటున్న మా అన్నయ్య కొడుకు మొన్న నా ఫోనుకు ఒక సలహాల పట్టిక పంపాడు. అక్కడ జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా హరికేన్ల కాలమట. ఆలోగా ఇంట్లో గొట్టాలనూ కొళాయిలనూ ఎలా సిద్ధం చేసుకోవాలో అందులో ఉంది. మొదటి సలహా, స్నానాల తొట్టిని నిండా నీళ్లతో నింపుకోమని. "బాబాయ్, మీకూ వానాకాలమేగా, పనికొస్తుంది" అని కింద రాశాడు.

వాడి మంచితనాన్ని శంకించను. కానీ హైదరాబాద్‌లో పదకొండేళ్లుగా నేల అంతస్తులో కాపురం చేస్తున్నవాడికి స్నానాలగది నింపుకోవడం ఒకరు నేర్పాలా? గంటసేపు గట్టిగా కురిస్తే చాలు, వీధిలోని మ్యాన్‌హోల్ తానే వచ్చి నింపిపోతుంది. తొట్టి కూడా అడగదు. ముందు జాలీలో గుడగుడ. తర్వాత రెండు బుడగలు. ఆ తర్వాత రాయబారిలా ఒక బొద్దింక. దాని వెనక నల్లటి నీళ్లు. కిందటి జూలైలో ఆ నీళ్లలో కరివేపాకు వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో పోపే పెట్టలేదు.

సముద్రం లేని ఊరికి తుపాను భయమేమిటని అనుకోకండి. 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటిన వాయుగుండం నేరుగా మనల్ని వెతుక్కుంటూ వచ్చి, కాలనీలకు కాలనీలనే ముంచింది. ఆ రాత్రి మా సెల్లారులో నీళ్లు తోడే మోటారు ఉంది. దాని స్విచ్చుబోర్డు కూడా సెల్లారులోనే, మోకాలెత్తున ఉంది. అన్నిటికంటే ముందు మునిగింది అదే.

అందుకని ఈ ఏడు నేను నాన్ రిటర్న్ వాల్వు పెట్టిద్దామన్నాను. పెద్ద విద్యేమీ కాదు. మన మురుగు వీధిలైనులో కలిసే చోట ఒక రెక్క ఉంటుంది, అది బయటికే తెరుచుకుంటుంది. వీధిలైను పొంగితే దానంతట అదే మూసుకుంటుంది. ఒక్కటే చిక్కు. అది మూసుకున్నంతసేపు మన నీళ్లూ బయటికి పోవు. పై అంతస్తులవారు ఆ కాసేపు కొళాయిలు కట్టేసుకోవాలి.

ఈ ఒక్క వాక్యం మీద మా అపార్ట్‌మెంటు సంఘం మూడు గంటలు కూర్చుంది.

ఐదో అంతస్తు పెద్దమనిషి మొదట లేచాడు. "మాకు ఇంతవరకూ ఏ సమస్యా రాలేదే!" అన్నాడు, నిజంగా ఆశ్చర్యపోతూ. న్యూటన్ తన తరఫున పనిచేస్తున్నాడని ఆయనకు ఎవరూ చెప్పలేదు. మూడో అంతస్తు ఆవిడ, ఈశాన్యంలో మూసుకునే వస్తువు పెడితే డబ్బు రాక ఆగిపోతుందని హెచ్చరించారు. రెండో అంతస్తు విశ్రాంత ఇంజినీరుగారు 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదతో ప్రారంభించి, విశ్వేశ్వరయ్యగారిని నగరానికి రప్పించి, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టించి, ఇరవై ఐదు నిమిషాలకు కూర్చున్నారు. చప్పట్లు కొట్టాం. వరద తర్వాత మొదటి జలాశయానికే పన్నెండేళ్లు పట్టినప్పుడు, వాల్వుకు తొందరేమిటని కోశాధికారి అడిగాడు. గేటుకు బంగారు రంగు వేయించే తీర్మానం మాత్రం ఇదే సభలో రెండు నిమిషాల్లో నెగ్గింది.

"వాన కురిసే గంటసేపు వాషింగ్ మెషీన్ ఆపగలరా సార్?" అని ఐదో అంతస్తును అడిగాను.

"వానాకాలంలో బట్టలు ఎంత మురికవుతాయో మీకు తెలియదు మాస్టారూ" అన్నాడు.

నాకు తెలియదట! ఆ మురికి మొదట చేరేది మా ఇంటికే.

మధ్యలో ప్లంబరు నోరు విప్పాడు, పాపం అనుభవం లేని కుర్రాడు. వాల్వు పెట్టినా లాభం లేదన్నాడు. డాబా మీద వాననీటి గొట్టాన్ని బిల్డరు తీసుకొచ్చి మురుగు చాంబర్లోనే కలిపాడట. వాల్వు మూసుకోగానే డాబా అంతటి వాన వెళ్లడానికి దారి లేక మా జాలీలోంచే లేస్తుంది. ముందు దాన్ని విడదీసి ఇంకుడు గుంతకు మళ్లించాలి. ఇంకుడు గుంత మాకు ఉంది, అనుమతి పత్రాల నక్షాలో. నేల మీద ఆ స్థానంలో కార్యదర్శిగారి కారు ఉంది.

అప్పుడు కార్యదర్శి తేల్చేశాడు. "ఇదంతా ఎందుకండీ, రెండు వేలిచ్చి ఎవరినైనా మ్యాన్‌హోల్లోకి దింపుదాం. అరగంట పని."

అందరూ తలలూపారు. అక్కడ నాకు హాస్యం అయిపోయింది. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగు గోతిలోకి దింపడం నేరమని 2013లోనే చట్టం వచ్చింది. ఆ గోతుల్లో చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. చెప్పవలసి వచ్చిందంటే ఇంకా చస్తున్నారనే కదా! లోపల చేరే విషవాయువు మొదట ముక్కునే చంపుతుంది, వాసన పోయిందనుకునే లోపు మనిషి పోతాడు. తన బాత్రూం జాలీలో పడ్డ వెంట్రుక తీయడానికి చిటికెన వేలు పెట్టనివాడు, పక్కవాడి కొడుకును నడుముకు తాడు కట్టి అందులోకి దింపుతాడా? బాల్కనీలోంచి ముక్కు మూసుకుని "సరిగ్గా చెయ్యి" అని అరుస్తాడా? సిగ్గు లేదూ! మిషను బండి పిలిపించండి, కార్పొరేషనుకు ఫిర్యాదు చేయండి, గొట్టం విడదీయండి, కారు తీయండి. ఇదే అరిచి చెప్పాను. సభ వాయిదా పడింది.

మిగతావి అందరికీ తెలిసినవే. సంపు మూత చుట్టూ జానెడు గట్టు కట్టించాను. అయినా సంపులోకి వరదనీరు చేరితే మొత్తం తోడి, కడిగి, బ్లీచింగ్ వేయాలి.

జాలీకి మాత్రం మా అత్తగారి రుబ్బురోలు పొత్రమే గతి. కింద పాత లుంగీ నాలుగు మడతలు, పైన పొత్రం, దాని మీద ఇసుక నింపిన బియ్యం సంచి. దీన్ని ఫొటో తీసి ఫ్లోరిడాకు పంపాను. "అదేమిటి బాబాయ్, దేవుడా?" అని అడిగాడు.

నిన్న సాయంత్రం ఉప్పల్ వైపు నల్లగా మబ్బు పట్టింది. మొదటి చినుకు పడిందో లేదో, పైన ఐదో అంతస్తులో వాషింగ్ మెషీన్ తిరగడం మొదలైంది. నేను స్టూలు తెచ్చుకుని పొత్రం ఎదురుగా కూర్చున్నాను.