దాత పుట్టినరోజు, హాస్టల్ మంగళవారం

ఆదివారం మధ్యాహ్నం పిల్లల ఆశ్రమాల గేటు దగ్గర తరచూ కనిపించే దృశ్యమే. డిక్కీ తెరిచిన కారు, బిర్యానీ డేగిసాలు, కేకు, ఫొటోలు తీయడానికి ఒక బావమరిది. ఒక్కోసారి ఒకే పూటకు ఇద్దరు దాతలు తగులుకుంటారు. అప్పుడు రెండో బిర్యానీ రాత్రికి మిగులుతుంది, తెల్లారేసరికి పాచిపోతుంది.

అదే హాస్టల్లో మంగళవారం నాడు ఒక పిల్లాడికి గజ్జి కనిపించిందనుకుందాం. వాడొక్కడికి మందు రాస్తే పోదు. గదిలో అందరికీ ఒకే రోజు రాయాలి, వారం తర్వాత మళ్లీ రాయాలి, దుప్పట్లన్నీ వేడినీళ్లలో ఉతకాలి. యాభై మంది పిల్లలకు తలా ఒక ట్యూబు చొప్పున రెండు విడతలకు వంద ట్యూబులు కావాలి. డబ్బు చాలక సగం మందికే రాస్తే నెల తిరిగేసరికి మళ్లీ అందరికీ అంటుకుంటుంది. ఈ ఖర్చుకు దాత దొరకడు. పుట్టినరోజుకు గజ్జి మందు కొనిచ్చామని వాట్సాప్ స్టేటస్ ఎవరు పెట్టుకుంటారు?

సాత్విక దానానికి దేశం (ఇచ్చే చోటు), కాలం, పాత్రం (పుచ్చుకునేవారి అర్హత) మూడూ చూడాలని గీత 17వ అధ్యాయం చెబుతుంది. మనకు మూడోదే నిలిచింది. అపాత్రదానం అంటూ పుచ్చుకునేవాడిని నిలదీస్తాం కానీ, మన దానాలన్నీ మన తిథుల ప్రకారమే నడుస్తున్నాయన్న సంగతి పట్టించుకోం. తక్కువ డబ్బుతో ఎక్కువ పని జరగాలంటే ముందు సరిచేయాల్సింది ఆ క్యాలెండర్‌నే.

శాశ్వత అన్నదానం సంగతే చూడండి. వెయ్యి నూట పదహార్లు ఒక్కసారి కడితే ఏటా మీరు చెప్పిన తేదీన మీ పేరున భోజనం పెడతారు. ఆ సొమ్మును 7 శాతం వడ్డీకి డిపాజిట్ చేస్తే ఏడాదికి వచ్చేది 78 రూపాయలు. ఈరోజు అది ఒక మనిషి భోజనానికి సరిపోతే గొప్ప. బియ్యం, పప్పు ధరలు ఏటా పెరుగుతాయి, ఆ 78 మాత్రం పెరగదు. పేరు శాశ్వతంగా ఉంటుంది, అన్నం ఉండదు. భక్తితో కట్టేవారిని ఆపనక్కర్లేదు గానీ, దాన్ని ఆకలి తీర్చే లెక్కలో వేసుకోకూడదు.

నెలకు 60,000 జీతం వచ్చే ఇంట్లో రెండు శాతం అంటే 1,200. క్రెడిట్ కార్డు బాకీ మోస్తున్నవాళ్లు ముందు అది తీర్చుకోవాలి. నెలకు మూడు శాతం పైన వడ్డీ కడుతూ దానం చేయడం అప్పు చేసి పప్పు కూడు పెట్టడమే. బాకీ లేనివాళ్లు ఆ 1,200ను జీతం పడిన రోజే పక్కన పెట్టాలి. అందులో 800 ఒకే ఒక్క సంస్థకు ఆటోపేలో వెళ్లనివ్వండి. నాలుగు చోట్ల 200 చొప్పున ఇస్తే ప్రతి చోటా రసీదు, ఎస్సెమ్మెస్, ఫాలోఅప్ ఫోను ఖర్చులకే కొంత పోతుంది. అదే నెలనెలా తప్పకుండా 800 ఇచ్చేవాళ్లు పదిహేను మంది ఉంటే సంస్థ 12,000 మీద ధైర్యంగా లెక్క వేసుకుంటుంది, సాయంత్రం చదువు చెప్పే టీచరును పెట్టుకుంటుంది. ఎప్పుడొస్తుందో తెలియని లక్ష రూపాయలతో ఎవరినీ ఉద్యోగంలో పెట్టుకోలేరు. మిగిలిన 400లో సగం కళ్లముందున్న అవసరాలకు. ఇంట్లో పనిచేసే ఆవిడ పిల్లలకు జూన్‌లో నోటుపుస్తకాలు, బస్‌పాస్ లాంటివి. మిగతా సగం ఉన్నట్టుండి వచ్చే విన్నపాలకు.

ఆ ఒక్క సంస్థను ఎంచుకునే ముందు అడగాల్సినవి కొన్నున్నాయి. పిల్లల హోం అయితే 2015 బాలల న్యాయ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆశ్రయంలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని అదే చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తోంది. కాబట్టి పిల్లల ముఖాలతో పోస్టర్లు వేసే హోంను అనుమానించాల్సిందే. స్వచ్ఛంద సంస్థలు నమోదు చేసుకునే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్లో పేరుంటే సంస్థ నమోదైందనే అర్థం, మంచిదని కాదు. ఆడిట్ అయిన జమాఖర్చులు ఇమ్మనండి. జీతాలు, అద్దె పద్దు చూసి ఉలిక్కిపడొద్దు. ప్రతి రూపాయీ పేదలకే అని చెప్పుకునే సంస్థలో లెక్కలు రాసేవాడి జీతం ఎవరిస్తున్నారన్నదే అసలు ప్రశ్న.

వాట్సాప్‌లో తిరిగే ఆపరేషన్ పోస్టర్లది వేరే వ్యవహారం. పేషెంట్ పేరు, ఐపీ నంబరు (ఆస్పత్రిలో చేరినప్పుడు ఇచ్చేది), ఆస్పత్రి ఇచ్చిన ఎస్టిమేట్ లెటర్ అడగండి. ఆస్పత్రి బిల్లింగ్ కౌంటర్‌కు మీరే ఫోన్ చేయండి, నంబరు మాత్రం పోస్టర్ మీదది కాకుండా ఆస్పత్రి వెబ్‌సైట్ నుంచి తీసుకోవాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఆరోగ్యశ్రీ (ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి ఎన్టీఆర్ వైద్య సేవ). 2023 డిసెంబరులో దీని పరిమితిని తెలంగాణలో 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలకు పెంచారు. ఆ పథకం వర్తించే నెట్‌వర్క్ ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర సహాయ డెస్క్ దగ్గర అడిగితే ఆ జబ్బు పథకం కిందకు వస్తుందో లేదో చెబుతారు. రెండు వేలు పంపడం కన్నా ఆ కుటుంబాన్ని ఆ డెస్క్ దాకా నడిపించడమే పెద్ద సాయం కావచ్చు. డబ్బు పంపాల్సి వస్తే ఆస్పత్రి ఖాతాకే పంపండి. క్రౌడ్‌ఫండింగ్ సైటులో కడితే, చివర్లో సైటు తనకోసం కలుపుకునే టిప్పును ఒకసారి చూసుకోండి. చాలాసార్లు మీరు అడక్కుండానే టిక్ అయి ఉంటుంది.

వరదలప్పుడూ మన క్యాలెండర్ తప్పుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగింది. అలాంటప్పుడు మొదటి వారంలో ఆహార పొట్లాలు వెల్లువెత్తుతాయి. నీళ్లు తీసిన తర్వాత అవసరమయ్యే స్టవ్వు, పరుపు, పిల్లల పుస్తకాలు, తడిసిన కుట్టుమిషను రిపేరు వంతు వచ్చేసరికి జనం మరిచిపోయి ఉంటారు. ఇద్దామనుకున్నదాంట్లో సగం నెల తర్వాత ఇవ్వండి. పాత బట్టలు పంపకండి. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో అవి రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉన్నాయి. వాటిని ఏరడానికీ మోయడానికీ మనుషులు కావాలి, ఆ మనుషులు వేరే పని మానుకుని రావాలి.

పన్ను సంగతి క్లుప్తంగా. విరాళాల మీద వచ్చే పన్ను మినహాయింపు (1961 చట్టంలో సెక్షన్ 80జీ) పాత పన్ను విధానంలో ఉన్నవారికే. 2,000 దాటి నగదుగా ఇస్తే అదీ లేదు, వస్తురూపంలో ఇచ్చిన బియ్యానికి, దుప్పట్లకు అసలే లేదు. నెలకు 800 చొప్పున ఏడాదికి 9,600 ఇచ్చి, సగానికి మినహాయింపు దొరికితే, 20 శాతం శ్లాబులో సెస్‌తో కలిపి పన్నులో మిగిలేది దాదాపు 998 రూపాయలు. 2021-22 నుంచి మామూలు రసీదు చాలదు. సంస్థ మీ పాన్‌తో వివరాలు దాఖలు చేసి ఫారం 10బీఈ అనే విరాళ ధ్రువపత్రం ఇవ్వాలన్న నిబంధన అప్పుడు వచ్చింది. డబ్బు కట్టేటప్పుడే పాన్ ఇవ్వకపోతే ఏడాది చివర్లో తిప్పలు పడేది మీరే.

విదేశాల్లో ఉన్నవాళ్లు పాస్‌పోర్టు చూసుకోవాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవారు సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నాక, ఓసీఐ కార్డున్నా సరే, అది విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) పరిధిలోకి వస్తుంది. ఆ రిజిస్ట్రేషన్ లేని ఊరి ట్రస్టుకు పంపితే చిక్కుల్లో పడేది ట్రస్టే.

పుట్టినరోజు నాడు పిల్లల మధ్య గడపాలని ఉంటే తప్పకుండా వెళ్లండి. కాకపోతే వారం ముందు వార్డెన్‌కు ఫోన్ చేసి, ఈ నెల డబ్బు లేక ఏ పని ఆగిందో అడగండి. వచ్చే జవాబు బకెట్లో, ట్యూబులైట్లో, బోరు మోటారు వైండింగో, సెప్టిక్ ట్యాంకు బండి కిరాయో అయి ఉంటుంది.