లింక్డ్ఇన్‌లో పాత పరిచయాలను ఏరిపారేయమనే సలహా ఎందుకు తప్పు

ఈమధ్య ఐటీవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా తెగ తిరుగుతోంది. ఉద్యోగ పరిచయాల సైటు లింక్డ్ఇన్‌లోనూ కనిపిస్తోంది. పంపేవాళ్లను బట్టి మాటలు కాస్త మారుతున్నా సారం ఇదీ: "ఏడాదిగా మీతో మాట్లాడని కనెక్షన్ చచ్చిన కనెక్షన్. ఏటా ఒకసారి కూర్చుని అలాంటివాళ్లందరినీ తీసేయండి. తీసేసినట్టు వాళ్లకు తెలియదు, మీకు నష్టమూ లేదు, కావాలంటే మళ్ళీ కలుపుకోవచ్చు. నెట్‌వర్క్ చిన్నదైతే మీ పోస్టులు బాగా చేరతాయి. నిజంగా కావలసినవాళ్లు ఎలాగూ ఫోన్‌లో ఉంటారు. మిగతావాళ్లకు వర్క్ యానివర్సరీ రోజున కంగ్రాట్స్ చెబితే చాలు."

చదివితే నిజమే కదా అనిపిస్తుంది. పాటించినవాళ్లకు మాత్రం ఏం పారేసుకున్నారో ఉద్యోగం పోయినరోజు గానీ తెలిసిరాదు.

"ఏడాది మాట్లాడకపోతే చచ్చినట్టే"

అసలు తిరకాసంతా ఈ మాటలోనే ఉంది. మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికన్ సామాజికశాస్త్రవేత్త 1970 ప్రాంతంలో బోస్టన్ పక్కనున్న న్యూటన్ పట్టణంలో ఉద్యోగాలు మారినవాళ్లను ఒక ప్రశ్న అడిగాడు: మీకు ఈ ఉద్యోగం గురించి చెప్పిన మనిషిని ఆ రోజుల్లో ఎంత తరచుగా కలిసేవారు? తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో, వారానికి కనీసం రెండుసార్లు కలిసే మనిషి పనికొచ్చింది సుమారు 17 శాతం మందికే. 56 శాతం మందికి అప్పుడప్పుడూ కలిసేవాళ్లు సాయపడ్డారు. మిగిలిన 28 శాతం మందికి ఏడాదికి ఒకసారో, అంతకంటే తక్కువో కలిసేవాళ్ల వల్ల పనైంది. ఫార్వర్డ్ మెసేజ్ లెక్కన ఈ 28 శాతం మందికి సాయపడ్డవాళ్లు దాదాపుగా "చచ్చిన కనెక్షన్లే". 1973లో అచ్చయిన ఆ లెక్క 54 మందిది మాత్రమే, చిన్నదే. కానీ 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం లింక్డ్ఇన్ మీదే జరిగింది. 5 ఏళ్లపాటు 2 కోట్లమంది ఖాతాలను పరిశీలించి, ఉద్యోగం మారడానికి గట్టి స్నేహాలకంటే ఓ మోస్తరు పలచటి పరిచయాలే ఎక్కువ పనికొస్తాయని తేల్చింది. మరీ ముక్కూమొహం తెలియనివాళ్ల వల్ల అంత లాభం లేదని కూడా అదే అధ్యయనం చెప్పింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఎందుకిలా అంటే కారణం సులువే. రోజూ మనతో క్యాంటీన్లో టీ తాగేవాడికి మనకు తెలిసిన ఖాళీలే తెలుసు. ప్రాజెక్టు ఎత్తేస్తే మనతోపాటు అతనూ రోడ్డున పడతాడు, ఇద్దరూ ఒకే జాబ్‌కి అప్లై చేస్తారు. అదే అమీర్‌పేటలో ఒకే బ్యాచ్‌లో కోర్సు చేసినవాళ్లు అయిదారేళ్లకు ఎక్కడెక్కడ తేలతారో చూడండి. ఒకరు పుణెలో బ్యాంకింగ్ ప్రాజెక్టులో, ఒకరు డాలస్‌లో క్లయింట్ దగ్గర, ఒకరు ఐటీ వదిలేసి విజయవాడలో సొంత వ్యాపారంలో. వాళ్లతో మనం మాట్లాడక నాలుగేళ్లయి ఉండొచ్చు. మన చెవిన పడని కబురు వాళ్ల దగ్గరే ఉంటుంది.

"ఇన్నేళ్ల తర్వాత ఏ మొహం పెట్టుకుని పలకరిస్తాం?" అని మొహమాటపడేవాళ్లు చాలామంది. లెవిన్, వాల్టర్, మర్నిగన్ అనే ముగ్గురు పరిశోధకులు సరిగ్గా ఇదే పరీక్షించారు. కనీసం మూడేళ్లుగా మాటల్లేని పాత పరిచయస్తులను పలకరించి, ప్రస్తుతం చేస్తున్న పని మీద సలహా అడగమని కంపెనీల ఎగ్జిక్యూటివ్‌లను పురమాయించారు. ఆ పాతవాళ్ల సలహాలు ఇప్పటి పరిచయస్తుల సలహాలకు ఏమాత్రం తీసిపోలేదు, పైగా వాటిలో కొత్త సంగతులు ఎక్కువగా ఉన్నాయి. 2011లో అచ్చయిన ఫలితమిది. మధ్యలో మాటల్లేకపోయినా ఒకప్పుడు కలిసి పనిచేసిన నమ్మకం అలాగే ఉంటుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇది మరీ దగ్గరి వ్యవహారం. హెచ్‌1బి అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ల ఉద్యోగం పోతే చేతిలో ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. ఆలోపు కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా ఇంకో స్టేటస్‌కి మారాలి, లేదంటే దేశం వదలాలి. ఆ టెన్షన్‌లో ఎవరైనా మొదట చేసేది ఏమిటి? ఖాళీలున్న కంపెనీ పేజీ తెరిచి, మన కనెక్షన్లలో ఎవరెవరు అక్కడ పనిచేస్తున్నారో చూడటం. అక్కడ రెండు పాత మొహాలు కనిపిస్తే రెఫరల్, అంటే లోపలినుంచి సిఫార్సు, అడగొచ్చు. పోయిన సంక్రాంతి సెలవుల్లో కూర్చుని వాళ్లను ఏరిపారేసి ఉంటే అక్కడ ఏమీ కనిపించదు.

"నష్టం లేదు, మళ్ళీ కలుపుకోవచ్చు"

ఇది శుద్ధ తప్పు. తీసేసినట్టు అవతలివాళ్లకు నోటిఫికేషన్ వెళ్లదన్న మాట వరకే నిజం. తీసేయగానే మీ ఇద్దరి మధ్య ఉన్న రికమెండేషన్లూ, స్కిల్స్ మీద ఇచ్చిపుచ్చుకున్న ఎండార్స్‌మెంట్లూ పోతాయి, రెండు వైపులా. మళ్ళీ కలుపుకున్నా అవి తిరిగిరావు. మీ పాత మేనేజరు ఏడేళ్ల కిందట ఓపిగ్గా కూర్చుని మీ గురించి నాలుగు మంచి వాక్యాలు రాసి ఉంటారు. ఇప్పుడాయన రిటైరై ఊళ్లో మామిడితోట చూసుకుంటున్నారు, లింక్డ్ఇన్ తెరిచి ఏళ్లయింది. "మాట్లాడని కనెక్షన్" అని ఆయన్ని తీసేస్తే మీ ప్రొఫైల్ మీదున్న ఆ నాలుగు వాక్యాలూ ఆయనతోపాటే పోతాయి. మళ్ళీ రాయమని అడిగేదెవరిని?

మళ్ళీ కలుపుకోవడమూ మన ఒక్కళ్ల చేతిలో లేదు. రిక్వెస్ట్ పంపాలి, ఆయన చూడాలి, ఒప్పుకోవాలి. పంపిన రిక్వెస్ట్‌ను మనసు మారి వెనక్కి తీసుకుంటే అదే మనిషికి మళ్ళీ పంపడానికి మూడు వారాల వరకు ఆగాలి. పైగా ఆ ఒక్క మనిషితో పోయేది ఒక్క మనిషి కాదు. ఇంకెవరి ద్వారానూ దారి లేకపోతే, ఇన్నాళ్లూ మీకు సెకండ్ డిగ్రీలో కనిపించిన ఆయన పరిచయస్తులు కూడా దూరమైపోతారు.

"నెట్‌వర్క్ చిన్నదైతే పోస్టులు బాగా చేరతాయి"

రోజూ పోస్టులు రాసి బతికేవాళ్లకు ఈ బెంగ ఉంటే ఉండొచ్చు. మనలో ఎక్కువమంది ఏడాదికి రెండు పోస్టులు పెడతాం, కొత్త ఉద్యోగం వచ్చినప్పుడొకటి, సర్టిఫికెట్ వచ్చినప్పుడొకటి. దానికోసం మనుషుల్ని వదులుకోవడం దేనికి? ఫీడ్‌లో చెత్త ఎక్కువైందన్నదే బాధైతే అన్‌ఫాలో ఉంది. అది నొక్కితే కనెక్షన్ ఉంటుంది, వాళ్ల పోస్టులు కనిపించవు. చోటు సమస్య అసలే కాదు, 30,000 కనెక్షన్ల వరకు ఉండొచ్చు.

"కావలసినవాళ్లు ఫోన్‌లో ఉంటారు"

మీ ఫోన్లో "సురేష్ టెస్టింగ్", "లక్ష్మి హెచ్ఆర్ పాత ఆఫీస్" లాంటి పేర్లు ఎన్ని ఉన్నాయో, వాటిలో ఇవాళ పనిచేసే నంబర్లు ఎన్నో ఒకసారి చూడండి. మనదేశంలో ప్రీపెయిడ్ నంబరు 90 రోజులు వాడకపోతే, బ్యాలెన్స్ కూడా లేకపోతే, ఆపేస్తారు. తర్వాత అది ఇంకెవరికో వెళ్తుంది. విదేశానికి వెళ్లినవాళ్లలో చాలామంది నంబర్లు ఇలాగే పోయాయి. లింక్డ్ఇన్‌లో మనిషి కంపెనీ మారినా, దేశం మారినా తన వివరాలు తనే మార్చుకుంటాడు, మనం వెతకనక్కర్లేదు.

"కంగ్రాట్స్ చెబితే చాలు"

సైటే తయారుచేసి ఇచ్చిన వాక్యాన్ని బటన్ నొక్కి పంపితే, అవతలివాళ్లూ సైటే ఇచ్చిన "థాంక్యూ" నొక్కి ఊరుకుంటారు. పలకరించాలనుకుంటే ఇలా రాయండి: "అన్నా, నమస్తే. 2017లో పేరోల్ ప్రాజెక్టులో మీ కింద టెస్టింగ్‌లో ఉండేవాణ్ణి. రిలీజ్ రాత్రి మనిద్దరం తెల్లారేదాకా ఆఫీసులోనే ఉన్నాం, గుర్తుందా? మీరు డేటా వైపు మారారని చూశాను. నేనూ అటే ఆలోచిస్తున్నాను, పది నిమిషాలు మాట్లాడొచ్చా?" ఇందులో మనిషెవరో ఉంది, ఎక్కడ కలిశారో ఉంది, ఏం కావాలో ఉంది. ఉత్త "హాయ్" పంపి జవాబు కోసం మూడు రోజులు ఎదురుచూసే పద్ధతి మానేస్తే రెండు వైపులా సుఖం.

ఆ మెసేజ్ పంపేవాళ్లు చెప్పేదాంట్లో ఒక్కటి ఒప్పుకుంటాను. ఎప్పుడూ కలవని, ఎక్కడా కలిసి పనిచేయని, ఫొటో చూస్తేనే అనుమానమొచ్చే ఖాతాలను తీసేయాల్సిందే. డబ్బు కడితే బ్యాక్‌డోర్ జాబ్ ఇప్పిస్తామనే బాపతును తీసేయడమే కాదు, రిపోర్ట్ కూడా చేయాలి. 2022 నాటి అధ్యయనం మరీ పలచటి బంధాల వల్ల లాభం తక్కువని చెప్పింది కాబట్టి, ప్రొఫైల్ మీద కనెక్షన్లు 500+ అని కనిపించడం కోసం దొరికినవాళ్లందరినీ చేర్చుకోవడమూ దండగే. ఇక్కడ చూడాల్సింది ఆ మనిషి మనకు ఎప్పుడైనా తెలుసా లేదా అన్నది. కిందటేడు మాట్లాడామా అన్నది కాదు.

నిజానికి తీసేయడం వల్లే కాదు, ఖాతాలోకి వెళ్లే దారి మూసుకుపోయి కూడా పరిచయాలు పోతాయి. ఆఫీస్ మెయిల్ ఐడీతో లింక్డ్ఇన్ ఖాతా తెరిచినవాళ్లు, లేఆఫ్ రోజు ల్యాప్‌టాప్ లాక్ అయ్యాక పాస్‌వర్డ్ మరిచిపోతే, రీసెట్ లింకు ఆ మూతపడ్డ మెయిల్‌కే వెళ్తుంది. కాబట్టి ఇవాళే సెట్టింగ్స్‌లో సొంత మెయిల్ ఐడీని చేర్చి, దాన్నే ప్రైమరీ చేసుకోండి. అక్కడే మీ డేటా కాపీ దించుకునే వీలు ఉంటుంది. కనెక్షన్ల ఫైలులో పేరు, కంపెనీ, హోదా, కనెక్ట్ అయిన తేదీ వస్తాయి. మెయిల్ ఐడీ మాత్రం అవతలివాళ్లు అనుమతిస్తేనే వస్తుంది, చాలామందిది ఖాళీగానే ఉంటుంది. 2014 సెప్టెంబర్ 30న ఆర్కుట్ మూతపడ్డప్పుడు స్నేహితుల జాబితా ఇంకెక్కడా రాసుకోనివాళ్లు ఎంతమందిని పోగొట్టుకున్నారో మన తరానికి తెలుసు. ముఖ్యమైన పాతికమంది మెయిల్ ఐడీలు వాళ్లనే అడిగి రాసి పెట్టుకోండి, ఎలాగూ అది పలకరించడానికి ఒక సాకు.