ఒకే సిరాతో రాసిన అంకెలు

డాక్టరు దగ్గరకు వెళ్లే ముందురోజు రాత్రి చాలా ఇళ్లలో ఒక పని జరుగుతుంది. నెల రోజులుగా ఖాళీగా పడి ఉన్న షుగర్ పుస్తకం బయటికి తీసి, ఒకే పెన్నుతో, ఒకే ఊపులో ముప్పై అంకెలు నింపేస్తారు. 112, 118, 109, 121. మరీ బాగుంటే అనుమానం వస్తుందని మధ్యలో ఒక 146 పడేస్తారు. ఇంట్లో షుగర్ చూసుకునే మీటర్ మెమరీలో మాత్రం 243 అలాగే కూర్చుని ఉంటుంది. ఇంకొందరు పరీక్షకు రెండు రోజుల ముందు నుంచి నోరు కట్టుకుంటారు. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష ఆ పత్యానికి లొంగదు. అది దాదాపు మూడు నెలల లెక్క.

అరవయ్యేళ్ల మనిషి మార్కుల కాగితం దిద్దుకునే పిల్లాడిలా తన రక్తం లెక్క తానే ఎందుకు దిద్దుకుంటున్నాడు? తిట్లకు భయపడి. "తిని తెచ్చుకున్నావు", "ఆమాత్రం నోరు కట్టుకోలేవా", "మీరు చెప్పిన మాట వినరు కదా". మొదటి రెండూ ఇంట్లోవి, మూడోది ఆస్పత్రిది.

ఈ తిట్లలో నిజం ఎంత? టైప్ 1 షుగర్‌లో క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను శరీరమే నాశనం చేసుకుంటుంది. తీపి తిన్నందుకు వచ్చేది కాదు. అయినా ఏడేళ్ల పిల్లకు షుగర్ వస్తే "ఏం పెట్టావమ్మా" అని తల్లినే అడుగుతారు. "మా పాపది తిండి వల్ల వచ్చింది కాదండీ" అంటుందామె. నిజమే. కానీ ఆ మాటతో నింద పోలేదు, టైప్ 2 వాళ్ల గుమ్మంలో దిగింది.

టైప్ 2కి వంశం, వయసు, బరువు, నిద్ర, వాడే మందులు, అన్నీ కారణాలే. ఒకటి మన చేతిలోది, ఒకటి కాదు. రాత్రి తక్కువ తిని పడుకున్నా కొందరికి తెల్లారేసరికి 170 చూపిస్తుంది. నిద్ర లేచే వేళకు కొన్ని హార్మోన్లు పెరుగుతాయి, కాలేయం గ్లూకోజును రక్తంలోకి వదులుతుంది. ఆ అంకె చూసి, దొంగచాటుగా తిన్నాడేమోనని ఇంట్లోవాళ్లు అటకమీద డబ్బాలు వెతుకుతారు.

మందు విషయమూ అంతే. బ్రిటన్‌లో ఏళ్ల తరబడి జరిగి, 1998లో ప్రధాన ఫలితాలు ప్రకటించిన యూకేపీడీఎస్ అనే టైప్ 2 షుగర్ అధ్యయనంలో, తొమ్మిదేళ్లు గడిచేసరికి ఒక్క మందుతోనే షుగర్ అదుపులో ఉన్నవాళ్లు నాలుగోవంతు మందే. ఏళ్లు గడిచేకొద్దీ బీటా కణాల సత్తువ తగ్గుతుంది, మందు పెరుగుతుంది. అయినా "మాట వినకపోతే ఇన్సులిన్ రాయాల్సి వస్తుంది" అని బెదిరించే డాక్టర్లు ఉన్నారు. 1922 జనవరిలో టొరంటోలో చావుకు దగ్గరైన 14 ఏళ్ల కుర్రాడిని నిలబెట్టిన మందు అది. దాన్ని శిక్షగా చూపిస్తే, రేపు నిజంగా అవసరం పడినప్పుడు రోగి దాన్ని ఓటమి అనుకుని వాయిదా వేస్తాడు.

అలాగని మనిషి చేతిలో ఏమీ లేదని మేము అనడం లేదు. ఏడాదికి 8,760 గంటలు. డాక్టరు ఎదుట గడిచేవి మహా అయితే మూడు నాలుగు. మిగతా గంటల్లో మాత్ర వేసుకునేది, నడిచేది, పాదాలు చూసుకునేది రోగే. 2002లో అమెరికాలో ప్రకటించిన ఒక పెద్ద అధ్యయనంలో, షుగర్ అంచున ఉన్నవాళ్లు కాస్త బరువు తగ్గి, వారానికి 150 నిమిషాలు నడక లాంటి వ్యాయామం చేస్తే జబ్బు వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. ఈ 58ని అందరూ చెబుతారు. ఒక్కొక్కరికీ విడిగా ఒక శిక్షకుణ్ని పెట్టి 16 పాఠాలు చెప్పించారన్న సంగతి ఎవరూ చెప్పరు. అంత చేసినా మూడేళ్లలో నూటికి 14 మందికి జబ్బు వచ్చింది. వాళ్లంతా బద్ధకస్తులా?

ఇందులో మా వాటా కూడా ఉంది. "ఇలా చేస్తే షుగర్ మాయం" అని శీర్షికలు పెట్టేది పత్రికలే. మాయం కానివాడు తన తప్పేననుకుంటాడు.

మళ్లీ ఆ 243 దగ్గరకు వద్దాం. ఆ రోజు ఆయాసానికి స్టెరాయిడ్ మాత్ర వేసుకుని ఉండొచ్చు. జ్వరం కావచ్చు. రాత్రి డ్యూటీ పడి మాత్ర మరిచిపోయి ఉండొచ్చు, లేదా నిజంగానే విందులో మొహమాటం లేకుండా తిని ఉండొచ్చు. ఒక్కోదానికి చేయాల్సింది ఒక్కోటి. "ఎందుకు పెరిగింది?" అని నిలదీయకుండా "ఆ రోజు ఏం జరిగింది?" అని అడిగితే నాలుగింట్లో ఏదో తేలుతుంది. పుస్తకంలో 118 అని రాసి ఉంటే ఆ ప్రశ్నే రాదు. అదే మాత్ర, అదే మోతాదు, ఇంకో మూడు నెలలకు రాసిచ్చి పంపేస్తారు.