వట్టివేళ్ల వాసన నిలవాలంటే
సెంటును సహజ పాలిమర్ రేణువుల్లో బంధిస్తే బట్టలకు వాసన రోజుల తరబడి నిలుస్తుందని చెప్పిన వ్యాసం ఒకటి చదివాను, బాగుంది. కానీ ఆ వాసనను రేణువుల్లోంచి జారిపోకుండా ఆపడమనే అసలు కష్టం వదిలేశారు. చెన్నైలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు వట్టివేళ్ల నూనె కలిపిన ఆల్జినేట్ (సముద్రపు నాచు నుంచి తీసే జిగురు) ద్రావణాన్ని సిరంజితో కాల్షియం క్లోరైడ్ నీళ్లలోకి చుక్కచుక్కగా వదిలేవాళ్లం. పడిన చుక్క పడినట్టే నానిన సగ్గుబియ్యం గింజలా గట్టిపడేది. ఎంత ముచ్చటగా ఉండేదో! నిమ్మనూనెతో చేస్తే మాత్రం నాలుగు రోజులకే వాసన పోయింది. ఆల్జినేట్ జెల్‌లో ఎక్కువ భాగం నీరే. చిన్న అణువులు సందుల్లోంచి జారిపోతాయి. రొయ్యల పొట్టు నుంచి తీసే కైటోసాన్ పూత వేశాక కాస్త ఆగింది. రుణావేశమున్న ఆల్జినేట్‌ను ధనావేశమున్న కైటోసాన్ గట్టిగా పట్టుకుంటుంది. ఐరోపాలో సెంటు గుళికలకు మట్టిలో కలవని ప్లాస్టిక్ వాడకంపై నిషేధం 2029 అక్టోబరు నుంచి వర్తిస్తుంది. అది చదివినప్పుడల్లా, ఆ ప్లాస్టిక్ బదులు కైటోసాన్‌కు పనికొచ్చేదే కదా అని మా భీమవరం వైపు పారేసే రొయ్యల పొట్టు గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమంటుందండీ.