నిరుద్యోగం 3.2 శాతమేనట, మరి ఇంటి లెక్కేది?

నిరుద్యోగం మీద టీవీలో చర్చ పెడితే చాలు, పది నిమిషాలు తిరక్కుండానే రెండు అంకెలు బల్ల మీద పడతాయి. కేంద్ర ప్రభుత్వం చేయించే పీఎల్‌ఎఫ్‌ఎస్ సర్వే పట్టుకుని, 2017-18లో 6.1 శాతం ఉన్నది 2023-24 నాటికి 3.2కి దిగిందని ఒకరంటారు. ముంబైలోని ప్రైవేటు సంస్థ సీఎంఐఈ లెక్క తీసి, దానికి రెండింతల పైనే ఉందని ఇంకొకరు. ఆ తర్వాత గంటసేపు అరుపులే. ఏ ఇంట్లో ఎంతమందికి పని ఉందన్న లెక్క మాత్రం ఎవరూ అడగరు. నిజానికి ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పట్లేదు, రెండు సర్వేలూ అడిగే ప్రశ్నలే వేరు. సీఎంఐఈ వాళ్లు ఇంటికొచ్చిన రోజున పని ఉందా లేదా అని చూస్తారు. పీఎల్‌ఎఫ్‌ఎస్‌లో పేపర్లకెక్కే 3.2 మాత్రం ఏడాది మొత్తం చూసి చెప్పేది: ఏడాదిలో ఎక్కువ భాగం ఖాళీగా ఉన్నా సరే, ఓ ముప్ఫై రోజులు ఏదో ఒక పని చేసుంటే ఆ మనిషికి పని ఉన్నట్టే. వారం లెక్క అని ఇంకోటుంది, అందులో ఏడు రోజుల్లో ఒక్క గంట పని చేసినా చాలు. (ఈ గంట నిబంధన మనవాళ్లు కనిపెట్టింది కాదు, అంతర్జాతీయ కార్మిక సంస్థ ఐఎల్‌ఓది, ప్రపంచమంతా అదే వాడుతుంది. దీనికి ఢిల్లీని తిట్టి లాభం లేదు.)

ఈ నిబంధనలు గుంటూరులో ఎవరికి ఎలా తగులుతాయో చూద్దాం. ప్రభుత్వ టీచరు పోస్టుల పరీక్ష డీఎస్సీకి చదివే అమ్మాయినే తీసుకోండి. 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ పరీక్ష జరిగింది 2025లో, 16,347 పోస్టులకి. మధ్యలో ఏడేళ్లు. ఆ ఏడేళ్లూ బీఈడీ చేసినవాళ్లు ఊరికే కూర్చున్నారా? ఇంటి పక్క ప్రైవేటు స్కూల్లో చాలీచాలని జీతానికి పాఠాలు చెప్పారు, సాయంత్రం ట్యూషన్లు చెప్పారు, నోటిఫికేషన్ వస్తుందని పుకారు వచ్చినప్పుడల్లా మానేసి బ్రాడీపేటలోనో అరండల్‌పేటలోనో హాస్టల్ రూము తీసుకున్నారు, అది రాకపోతే మళ్లీ అదే స్కూలుకి వెళ్లారు. దీర్ఘకాల నిరుద్యోగం అంటే ఏడాది, అంతకు మించి పని లేకుండా వెతుక్కుంటూ ఉండడం అని అంతర్జాతీయ లెక్క. ఆ లెక్కలో ఈ అమ్మాయి ఏ ఒక్క రోజూ దీర్ఘకాల నిరుద్యోగి కాదు. స్కూలు మానిన ప్రతిసారీ గడియారం మొదలవుతుంది, మళ్లీ చేరిన రోజున సున్నాకి వస్తుంది. నాన్నకి చిన్న కిరాణా కొట్టు ఉండి, ఆయనకి ఒంట్లో బాగోలేనప్పుడు ఓ నెల కౌంటర్లో కూర్చుంటే ఇంకా మంచిది, జీతం లేకపోయినా సర్వేలో ఆమె ఇంటి వ్యాపారంలో సహాయకురాలు. అంటే పని ఉన్న మనిషి!

ఇలా జీతం లేకుండా సొంతింటి పనిలో సాయపడేవాళ్లు 2023-24లో దేశంలోని మొత్తం పనివాళ్లలో 19 శాతం పైనే. ఆరేళ్లలో ఆడవాళ్ల శ్రామిక భాగస్వామ్యం (పని చేస్తున్నవాళ్లు, పని వెతుక్కుంటున్నవాళ్లు కలిపి) 23.3 నుంచి 41.7 శాతానికి పెరిగిందని చెప్పుకుంటున్నారు కదా, ఆ పెరుగుదలలో ఎక్కువ వాటా స్వయం ఉపాధిది, ఈ సాయం పనిది. మిరప సీజన్‌లో ముచ్చికలు తీసే ఆడవాళ్లని చూడండి. పని ఉన్నన్నాళ్లు కాయల ఘాటుకి కళ్లు మండుతూ, తుమ్ముతూ, కిలోల లెక్కన కూలి తీసుకుంటారు. వేసవిలో మిర్చి యార్డుకి సెలవులిస్తే టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు రావు, టిక్కీలు రాకపోతే హమాలీకీ పని లేదు, పక్కన టీకొట్టుకీ బేరం లేదు. అయినా ఏడాది లెక్కలో వీళ్లెవరూ నిరుద్యోగులు కారు, ముప్ఫై రోజుల గీత ఎప్పుడో దాటేశారు. 2019లో ఇసుక దొరక్క కట్టడాలు ఆగిపోయి, విజయవాడలో తెల్లారగట్ల అడ్డా మీద నిలబడిన తాపీ మేస్త్రీలు మధ్యాహ్నానికి ఉత్త చేతులతో ఇంటికెళ్లిన రోజులు గుర్తున్నాయా? వారంలో ఒక్క పూట ఎవరైనా పిలిచి గోడ అతుకు వేయించుకుని ఉంటే, వారం లెక్కలో కూడా వాళ్లకి పని ఉన్నట్టే.

ఇంకో విచిత్రం. కరోనా రెండో వేవ్ వచ్చిన 2020-21 సర్వే సంవత్సరంలో మన నిరుద్యోగ రేటు తగ్గింది. 2018-19లో 5.8, ఆ తర్వాత 4.8, ఆ తర్వాత 4.2. అదే సమయంలో వ్యవసాయంలో ఉన్నవాళ్ల వాటా 42.5 నుంచి 46.5 శాతానికి ఎగబాకింది. హోటళ్లలో, షాపుల్లో, ఫ్యాక్టరీల్లో పని పోయినవాళ్లు సొంతూరికెళ్లి అన్నదమ్ముల పొలంలో దిగారు. ఉన్న పనినే ఇంకో ఇద్దరు పంచుకున్నారు. లెక్కలో అది ఉపాధి. నా మటుకు నాకు ఈ ఒక్క ఉదాహరణ చాలు, పేదవాడికి నిరుద్యోగిగా ఉండే స్తోమత లేదని చెప్పడానికి. ఏడాదిపాటు పని వెతుక్కుంటూ కూర్చోగలిగేది వెనక ఎవరో అన్నం పెట్టేవాళ్లున్న ఇంట్లోనే. అందుకే చదువు పెరిగేకొద్దీ నిరుద్యోగ రేటు పెరుగుతుంది, దాన్ని చూసి చదువుకున్నవాళ్లకి బద్ధకం ఎక్కువైందని తేల్చేసే పెద్దమనుషులూ ఉన్నారు.

బద్ధకం మాట బ్రిటన్‌లోనూ బాగా నడిచింది. అక్కడ ఇంటి లెక్క విడిగా తీస్తారు, ఏ ఇళ్లలో ఒక్కరికీ పని లేదో గణాంక శాఖ అంకెలు ఇస్తుంది. వాటిని ఊపుతూ, మూడు తరాలుగా ఎవరూ పని చెయ్యని కుటుంబాలున్నాయని రాజకీయ నాయకులు చెప్పుకొచ్చారు. జోసెఫ్ రౌన్‌ట్రీ ఫౌండేషన్ కోసం పరిశోధకులు గ్లాస్గో, మిడిల్స్‌బ్రో పట్టణాల్లో బాగా దెబ్బతిన్న పేటలకి వెళ్లి గాలించారు. అలాంటి కుటుంబం ఒక్కటీ దొరకలేదని 2012లో రాశారు. ఇంటి లెక్క ఉంది కాబట్టే అక్కడ ఆ వాదాన్ని పట్టుకుని నిలదీయగలిగారు. మన దగ్గర ఆ అంకే చర్చకి రాదు.

వస్తే మాత్రం జాగ్రత్తగా చూడాలి. లక్ష్మీపురంలో పిల్లలు అమెరికా నుంచి డబ్బు పంపే రిటైరైన దంపతుల ఇంట్లో పనిచేసేవాళ్లు లేరు. కృష్ణలంకలో కొడుకు వదిలేసి వెళ్తే నెలకి 4,000 రూపాయల పింఛనుతో బతికే ముసలామె ఇంట్లోనూ లేరు. పీఎల్‌ఎఫ్‌ఎస్‌లో అద్దెల మీద, పింఛను మీద, బయటి నుంచి వచ్చే డబ్బు మీద బతికేవాళ్లందరికీ కలిపి 94 అనే ఒకే కోడ్ ఉంది. రెండిళ్లూ అందులోకే వెళ్తాయి. కాబట్టి పనిలేని ఇళ్లు ఎన్ని అని ఒక్క అంకె తెచ్చి చేతిలో పెడితే అది కూడా 3.2 లాగే మోసం చేస్తుంది. ఇంట్లో తినేవాళ్లు ఎంతమంది, జీతమో కూలో తెచ్చేవాళ్లు ఎంతమంది, ఏడాదిలో ఎన్ని నెలలు తెచ్చారు అన్నవి పక్కపక్కన పెట్టి చూడాలి.

దీనికి కొత్త సర్వే ఏమీ అక్కర్లేదు. పీఎల్‌ఎఫ్‌ఎస్ మనుషుల్ని ఇళ్ల వారీగానే అడుగుతుంది, పేర్లు తీసేసిన ఆ డేటా ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు, ఏ మనిషి ఏ ఇంటివాడో అందులో నంబరుతో సహా ఉంటుంది. 2025 నుంచి ఒకే ఇంటికి వరసగా నాలుగు నెలలు వెళ్తున్నారు కూడా. ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం వాళ్లు 2018లో నిరుద్యోగ భృతికి ముఖ్యమంత్రి యువనేస్తం పెట్టినప్పుడు 22 నుంచి 35 ఏళ్లలోపు వాళ్లకి నెలకి వెయ్యి అన్నారు, 2024 ఎన్నికల్లో 20 లక్షల ఉద్యోగాలు, లేదంటే నెలకి 3,000 భృతి అన్నారు. ఆ భృతి ఎవరికివ్వాలో రేపు నిబంధనలు రాసేటప్పుడు, ముచ్చికలు తీసి కూతురికి డీఎస్సీ కోచింగ్ ఫీజు కట్టే ఇల్లూ, అపార్ట్‌మెంట్ అద్దెలు వసూలు చేసుకుంటూ కొడుకుని సివిల్స్‌కి ఢిల్లీ పంపిన ఇల్లూ ఒకే వరసలోకి వస్తాయా రావా అన్నది టీవీ చర్చలో కనీసం ఒక్కరైనా అడగాలి.