సర్వవాహన సమ్మతులైన కార్బురేటర్ గారికి

మహారాజశ్రీ కార్బురేటర్ గారి సముఖానికి, నర్సంపేట దగ్గరి ఒక మిరప చేను నుంచి, తమరు ప్రస్తుతం కొలువుతీరి ఉన్న ఏటీవీ బండి యజమాని రాసుకొనే బహిరంగ విన్నపం.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ గనుక ఆ మాట రాస్తున్నాను గాని, మన ఇద్దరిలో కుశలంగా ఉన్నది తమరొక్కరే. డ్రిప్పు పైపులూ ఎరువు బస్తాలూ మోసే మా నాలుగు చక్రాల బండికి గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజన్‌కు అందించే పాత కార్బురేటర్‌లో, గాలి దారిని మూసి తెరిచే స్లైడ్ అరిగిపోయి, అసలు విడిభాగం ఎక్కడా దొరకక, తమరిని ఆన్‌లైన్‌లో పిలిపించుకున్నాము. తమరు వేంచేసిన అట్టపెట్టె మీద మూడు వాగ్దానాలు అచ్చయి ఉన్నాయి. 110 సీసీ మొదలు 250 సీసీ దాకా ఏ ఇంజన్‌కైనా తమరు సరిపోతారట, ఫ్యాక్టరీలోనే ట్యూనింగ్ పూర్తయిందట, పాతది విప్పి తమరిని బిగిస్తే చాలునట. ఇన్ని ఇంజన్లను ఒకేసారి ఉద్ధరించగల తమరికి మా ఒక్క ఇంజన్ మీదనే ఎందుకు దయ కలగలేదో తెలుసుకోవాలని ఈ లేఖ.

మొదటి వాగ్దానం బిగింపు దగ్గరే వీగిపోయింది. తమరి అంచు మీది బోల్టు రంధ్రాల మధ్య దూరానికీ, ఆ మిశ్రమం ఇంజన్‌లోకి పోయే మా మ్యానిఫోల్డు గొట్టం స్టడ్ల మధ్య దూరానికీ పొంతన కుదరలేదు. పెట్టె మీది రాత చదివి వినిపిస్తే మెకానిక్ నవ్వి, "సారూ, అన్నిటికి అయితదంటే దేనికీ సక్కగ కాదన్నట్టు" అంటూ ఆకురాయి అందుకొని ఆ రంధ్రాలను కోలగా అరగదీశాడు. తమరి చోక్ మీట ఛాసిస్ గొట్టానికి తగిలి సగంలోనే ఆగిపోతున్నందున దానినీ కొంత వంచవలసి వచ్చింది. ఏటీవీ యాక్సిలరేటర్‌ను మోటారు సైకిల్ మాదిరి పిడికిట పట్టి తిప్పరు, బొటనవేలితో నొక్కుతారు. ఆ వేలు కదిలే కొద్దిపాటి దూరంలోనే తమరి స్లైడ్ అడుగు నుంచి పైదాకా లేవాలి. మా పాత తీగ అంత లాగలేకపోయింది. కొత్త తీగ వేసి హ్యాండిల్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పితే, ఎవరూ నొక్కకుండానే ఇంజన్ వేగం అందుకుంది, అంటే మలుపులో తీగ బిగుసుకుంటున్నదన్నమాట. స్లైడ్ కింది అంచున ఏటవాలుగా కోసిన భాగం ఎయిర్ ఫిల్టర్ వైపు ఉండాలనీ, తిరగేసి దించితే అది పూర్తిగా మూసుకోక స్టార్టు కాగానే ఇంజన్ గొంతు చించుకుంటుందనీ మెకానిక్‌కు తెలుసు గనుక సరిపోయింది. తమరి వెంట వచ్చిన కాగితంలో దీని గురించి ఒక్క ముక్క లేదు. "నిపుణునిచే బిగింపించుకొనుడు" అని మాత్రం ఉంది. పాతది విప్పి బిగిస్తే చాలుననీ, నిపుణుడు కావాలనీ ఒకే నోట పలకడం తమరికే చెల్లింది.

ఇక తమరి ఉదరం సంగతి. ఫ్లోట్ గిన్నె అంటే ఒక చిన్న చెరువే. పెట్రోలు నిండేకొద్దీ ఫ్లోట్ పైకి తేలి, సూదిని దాని గూటిలోకి నెట్టి తూము మూస్తుంది. ఇంజన్ తాగేకొద్దీ ఫ్లోట్ దిగి తూము తెరుచుకుంటుంది. మాకు దగ్గరలోనే ఉన్న పాఖాల చెరువును పదమూడో శతాబ్దంలో కాకతీయుల ఏలుబడిలో కట్టినవారు నీరు ఏ మట్టాన నిలవాలో, మించితే మత్తడి ఎటు దుంకాలో చూసుకొనే కట్టారు. తమరి చెరువుకు ఆ మట్టం చూసిన నాథుడు లేడు. పెట్రోల్ కాక్ తిప్పగానే మత్తడి దుంకి, మిగులు గొట్టంలోంచి ధారగా కారి, ఇంజన్ పక్కనే మడుగు కట్టింది. గిన్నె విప్పి సూదిని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే, దాని నల్లటి రబ్బరు కొసలో వెంట్రుక మందాన లోహపు రజను ఒకటి దిగబడి మెరుస్తూ కనిపించింది. తమరి ఒంట్లో రంధ్రాలు తొలిచినప్పుడు మిగిలిన ముక్క అది. కడిగేవారు లేక అక్కడే కాపురం పెట్టింది. కొత్త సూది వేసి, ఫ్లోట్ నాలుకను కాస్త వంచి మట్టం సరిచేసిన తరువాతగాని మిగతా పని మొదలు కాలేదు. మట్టం ఎక్కువైతే మిశ్రమం చిక్కబడుతుంది, తక్కువైతే పలచబడుతుంది. ఈ లెక్క తప్పి ఉండగా పైన ఎన్ని స్క్రూలు తిప్పినా వృథా ప్రయాసే.

పెట్రోలును సన్నని రంధ్రంతో కొలిచి వదిలే జెట్ల వ్యవహారం ఇంతకంటే రసవత్తరం. యాక్సిలరేటర్ సుమారు పావు వంతు దాకా పైలట్ జెట్‌దీ, అక్కడి నుంచి ముప్పావు దాకా స్లైడ్‌కు వేలాడే నీడిల్‌దీ, ఆపైన మెయిన్ జెట్‌దీ పెత్తనం. తమరి మెయిన్ జెట్ మీద 100 అని చెక్కి ఉంది. దేనికి నూరు? కెయిహిన్ అనే జపాన్ కార్బురేటర్ల కంపెనీ లెక్కలో ఆ అంకె 1.00 మిల్లీమీటరు రంధ్రాన్ని సూచిస్తుంది. మరో జపాన్ కంపెనీ మికుని వారి ఆరు పలకల (హెక్స్) జెట్ల మీది అంకె పెట్రోలు ప్రవాహాన్ని బట్టి వేసినది. తమరి రూపురేఖలు ఒకరివి, మర చుట్ల కొలత మరొకరిది, అంకెలు ఎవరివో తమరికే ఎరుక. వరంగల్‌లో దొరికిన నూరు నంబరు జెట్ తమరి మరలోకి ఎక్కనే లేదు.

కాగితం ప్రకారం పక్క స్క్రూను ఒకటిన్నర చుట్లు విప్పాలి. సరే, విప్పితే ఏమవుతుంది? స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలి స్క్రూ, విప్పితే మిశ్రమం పలచబడుతుంది. ఇంజన్ వైపు ఉంటే అది పెట్రోలు స్క్రూ, విప్పితే చిక్కబడుతుంది. తమరి కాగితంలోని బొమ్మలో స్క్రూ ఒక వైపు, తమరి దేహం మీద మరో వైపు ఉన్నాయి. పైలట్ జెట్ సన్నమైనది కావడం వలన యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా పొగగొట్టంలో టపాకాయలు పేలి, పొరుగు చేనులోని ఎద్దులు బెదిరాయి. మెయిన్ జెట్‌కు పరీక్ష బండ్ల బాట మీద జరిగింది. పూర్తి వేగంతో పోతుండగానే ఇంజన్ ఆపి, చల్లారకముందే ప్లగ్ విప్పి చూడాలి. పింగాణీ లేత గోధుమ రంగులో ఉంటే ఫరవాలేదు, మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా పాలిపోయి ఉంటే పిస్టన్‌కు గండం. తమరు తెచ్చుకున్న జెట్‌తో మా ప్లగ్ సున్నం వేసిన గోడలా వచ్చింది.

ఫ్యాక్టరీలో ట్యూనింగ్ పూర్తయిందన్నారు గనుక అడుగుతున్నాను: ఏ ఇంజన్ మీద, ఏ ఫిల్టర్‌తో, ఏ పెట్రోలుతో? మా బంకుల్లో పోసేది ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. మామూలు పెట్రోలు ఒక పాలు మండడానికి గాలి 14.7 పాళ్లు కావాలి, ఇథనాల్‌కు తొమ్మిది చాలు. అంటే పాత లెక్కన వేసిన జెట్‌తో ఇంజన్‌కు తిండి తక్కువవుతుంది. మే నెలలో మా గాలి వేడెక్కి పలచబడితే అదే జెట్ మళ్లీ చిక్కన పోస్తుంది. తమరి బదులు పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ ఉన్న బండి సెన్సర్‌తో కొలుచుకొని సర్దుకుంటుంది; 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్ 6 పొగ నిబంధనలు రాగానే కొత్త మోటారు సైకిళ్ల నుంచి తమరి జాతి దాదాపు కనుమరుగైంది కూడా అందుకే. 1893 నాటికే జర్మన్ ఇంజనీరు మేబాఖ్ వంటి మహామహులు రూపుదిద్దిన వంశంలో పుట్టి, కొలవడం చేతకానివారమని ఒప్పుకోవడానికి తమరికి నామోషీ ఎందుకు?

నేను డబ్బు వాపసు అడగడం లేదు. పెట్టె మీది వాగ్దానాలు చెరిపివేసి, ఆ జాగాలో మెయిన్ జెట్ ఎంత, పైలట్ ఎంత, ఆ అంకెలు ఎవరి పద్ధతివి, నీడిల్ క్లిప్ ఏ గాడిలో ఉంది, ఫ్లోట్ ఎత్తు ఎన్ని మిల్లీమీటర్లు, పక్క స్క్రూ గాలిదా పెట్రోలుదా అన్నవి అచ్చు వేయించమని కోరుతున్నాను. ఆ జాబితా అందితే మెకానిక్ పని ఒక పూటలో ముగుస్తుంది.

ఇట్లు,
సూది, జెట్లు, గాస్కెట్ అన్నీ మార్చగా మిగిలిన తమరి పై డొల్లకు యజమాని.