‘ఏదో పొరపాటు జరిగింది’ అని లాగ్ చేసిన మహానుభావులకు

ఈ ఉదయం ఒక కళాశాల వెబ్‌సైటులో ప్రవేశ దరఖాస్తులు అందడం లేదని ఫోను వచ్చింది. అది డ్రూపల్ అనే వెబ్‌సైటు నిర్మాణ సాఫ్ట్‌వేర్‌తో నడిచే సైటు కనుక నేరుగా వెళ్ళి లాగ్ (సైటులో జరిగినవాటిని రాసిపెట్టే చిట్టా) తెరిచాను. దరఖాస్తుల మాడ్యూలు (ఆ పని కోసం సైటుకు జోడించిన కోడు) పేరు మీద అక్కడ ఉన్నది ఒకే ఒక్క సందేశం: ‘ఏదో పొరపాటు జరిగింది’. ఎవరి దరఖాస్తు ఆగింది, ఏ దశలో ఆగింది, అవతలి సర్వరు ఏమని బదులిచ్చింది అన్న ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు లేదు. పొరపాటు జరిగిందన్న సంగతి ఫోను చేసిన గుమాస్తాగారు నాకు ముందే చెప్పారు. అందుకోసం ప్రత్యేకంగా కోడు రాయించుకోనక్కరలేదు. పైగా ఆ సందేశాన్ని ఎర్రర్ కన్నా తక్కువ తీవ్రత ఉన్న నోటీస్ స్థాయిలో నమోదు చేశారు కనుక ఎర్రర్లను మాత్రమే వడపోసి చూసేవారికి అది కూడా కనిపించదు. ఎమర్జెన్సీ నుంచి డీబగ్ దాకా ఎనిమిది స్థాయులు ఉన్నవి బహుశా అలంకారానికేనని వారి అభిప్రాయం కాబోలు.

ఇంతా చేసి ఇందులో పడవలసిన శ్రమ ఎంత? మాడ్యూలు పేరుతో లాగర్ చానల్‌ను (లాగ్‌లో రాసే సాధనాన్ని) తీసుకుని, ఎర్రర్ మెథడ్‌ను పిలిచి, సందేశంలో మారే విలువలున్న చోట ప్లేస్‌హోల్డర్లు (తర్వాత నింపే ఖాళీ గుర్తులు) పెట్టి, ఆ విలువలను రెండో ఆర్గ్యుమెంటుగా ఇస్తే సరిపోతుంది. 2015 నవంబరులో డ్రూపల్ 8 వచ్చినప్పటి నుంచీ ఇదే పద్ధతి. అంతకు ముందు ఇదే పనికి ఉన్న వాచ్‌డాగ్ ఫంక్షను కూడా ఎవరినీ ఏడిపించిన దాఖలా లేదు. అయినా మనవాళ్ళు పొరపాట్లను పట్టుకునే క్యాచ్ బ్లాకులో చేతికందిన ఎక్సెప్షన్‌ను (పొరపాటు వివరాలు మోసుకొచ్చేదాన్ని) అక్కడికక్కడే పాతిపెట్టి, దాని మీద ఈ ఒక్క వాక్యాన్ని సమాధి ఫలకంలా నిలబెడతారు.

సరే, ఇంతకు ముందు వచ్చిన ఇతర ఎర్రర్లయినా చూద్దామంటే, డేటాబేస్ లాగ్ మామూలుగా చివరి 1000 వరుసలనే ఉంచుకుంటుంది, మిగిలినవాటిని క్రాన్ (వేళకు తనంతట తానే నడిచే పని) తుడిచేస్తుంది. తుడవకుండా ఉంచిన ఆ వరుసలను కూడా, డ్రూపల్ సైటులో వర్డ్‌ప్రెస్ అనే వేరే సాఫ్ట్‌వేర్ లాగిన్ పేజీని వెతుక్కుంటూ వచ్చే బాట్ల (తమంతట తామే తిరిగే ప్రోగ్రాముల) పుణ్యమా అని, ‘పేజీ దొరకలేదు’ అన్న సందేశాలే ఆక్రమించాయి. పరిమితి పెంచే సెట్టింగు ఉంది, సందేశాలను సర్వరు లాగ్‌కు పంపే సిస్‌లాగ్ మాడ్యూలు డ్రూపల్‌తో పాటే వచ్చే కోర్‌లోనే ఉంది. రెండింటి జోలికీ ఎవరూ పోలేదు.

అసలు నా కడుపుమంట వేరే ఉంది. ఈ దరఖాస్తుల మాడ్యూలు కోడు సమీక్షకు వచ్చినప్పుడే ఎక్సెప్షన్ వివరాలు లాగ్‌లో పడాలని నేను స్పష్టంగా రాశాను. ‘అన్నీ లాగ్ చేస్తే సైటు నెమ్మదిస్తుంది’ అని నాకు పాఠం చెప్పి ఆ వ్యాఖ్యను మూసేశారు. ఎర్రర్ వచ్చినప్పుడు మాత్రమే రాసే ఒక్క వరుసతో సైటు ఎలా నెమ్మదిస్తుందో ఆ జ్ఞానులే చెప్పాలి. ఆ వ్యాఖ్యను మూసేసిన పెద్దమనిషే మరో ప్రాజెక్టులో, డీబగ్ కోసమట, దరఖాస్తుదారుల ఫోను నంబర్లు, చిరునామాలతో సహా ఫారం మొత్తాన్ని ప్రింట్ ఆర్ అనే ఫంక్షనుతో లాగ్‌లో కుమ్మరించి, దాన్ని తీయకుండానే లైవ్‌కు పంపారు. అప్పుడు మాత్రం వేగం గుర్తుకు రాలేదు. నివేదికలు చూసే అనుమతి ఉన్న ప్రతివారికీ ఆ వివరాలు కనిపించాయి, వాటిని వెతికి తొలగించే పని మాత్రం నా నెత్తిన పడింది.